నగరశిల్పి మోక్షగుండం విశ్వేశ్వరయ్య

నగరం గొప్పతనాన్ని మేడల ఎత్తును బట్టి కొలవడం లోకరీతి. నగర నిర్మాణ శాస్త్రం ఎరిగినవారి కొలతలు వేరు. వాన కురిసినప్పుడు నీరు ఎటు పోతున్నది? ఇళ్లలోని మురుగు ఎక్కడికి చేరుతున్నది? వాహనం లేని సామాన్యుడు వీధిలో నిర్భయంగా నడవగలుగుతున్నాడా? ఈ మూడు ప్రశ్నలకు సరైన సమాధానం చెప్పగలిగిన నగరమే నివాసయోగ్యమైన నగరం. వరదపాలైన హైదరాబాదు నగరం విషయంలో ఈ మూడింటినీ కలిపి ఆలోచించిన దార్శనికుడు మోక్షగుండం విశ్వేశ్వరయ్య.

విశ్వేశ్వరయ్య 1861 సెప్టెంబరు 15న మైసూరు సంస్థానంలోని ముద్దెనహళ్లి గ్రామంలో జన్మించారు. తండ్రి శ్రీనివాస శాస్త్రి సంస్కృత పండితుడు, తల్లి వెంకటలక్ష్మమ్మ. వీరి పూర్వులు గిద్దలూరు సమీపంలోని మోక్షగుండం గ్రామం నుండి కన్నడ దేశానికి తరలివెళ్లిన తెలుగువారు. ఆ ఊరి పేరే వారి ఇంటిపేరుగా నిలిచింది. చిన్నతనంలోనే తండ్రి మరణించడంతో కుటుంబాన్ని పేదరికం చుట్టుముట్టింది. బెంగుళూరు సెంట్రల్ కళాశాలలో చదివే రోజులలో విశ్వేశ్వరయ్య పిల్లలకు పాఠాలు చెప్పి, ఆ సంపాదనతో తన చదువు సాగించుకున్నారు. అనంతరం పూనాలో ఇంజనీరింగు విద్యనభ్యసించి, 1883లో ప్రథమ స్థానంలో ఉత్తీర్ణులయ్యారు. మరుసటి సంవత్సరమే బొంబాయి ప్రభుత్వ ప్రజాపనుల శాఖలో సహాయ ఇంజనీరుగా చేరారు.

ఆ కొలువులో ఆయన ప్రతిభ ఎక్కువగా నీటి పనులలోనే వెల్లడయింది. సింధునది ఒడ్డున ఉన్న సుక్కూరు పట్టణానికి మంచినీటి సరఫరా ఏర్పాట్లు చేశారు. పూనా సమీపంలోని ఖడక్వాస్లా జలాశయానికి 1903లో, నీటిమట్టం పెరిగినప్పుడు తమంతట తామే తెరుచుకునే తలుపులను అమర్చారు. 1906లో ఏడెన్ నగరానికి వెళ్లి, అక్కడి నీటి సరఫరాను, మురుగు పారుదలను మెరుగుపరచే మార్గాలను సూచించారు. 1908లో స్వచ్ఛందంగా పదవీ విరమణ కోరి, విదేశాలలోని నిర్మాణాలను పరిశీలించడానికి యాత్రకు బయలుదేరారు. ఆయన యాత్రలో ఉన్న సమయంలోనే హైదరాబాదు నగరాన్ని ఘోర విపత్తు ముంచెత్తింది.

1901 జనాభా లెక్కల నాటికి హైదరాబాదులో దాదాపు 4.5 లక్షల మంది ఉండేవారు. ఇంచుమించు ఈనాటి ఒక మధ్యతరహా నగరమంత జనాభా అది. మూసీ నదికి ఇరువైపులా నగరం ఇరుకుగా పెరిగింది. నదీగర్భానికి ఆనుకొనియే పేదల వాడలు వెలిశాయి. 1908 సెప్టెంబరు 28న కుండపోతగా కురిసిన వానకు మూసీ కట్టలు దాటి పొంగింది. వేల ఇళ్లు నేలమట్టమయ్యాయి. దాదాపు 15,000 మంది ప్రాణాలు కోల్పోయారని అంచనా. నదిపై ఉన్న వంతెనలలో కుతుబ్ షాహీల కాలం నాటి పురానాపూల్ మాత్రమే నిలిచింది. అఫ్జల్‌గంజ్‌లోని ఒక చింతచెట్టు తన కొమ్మలపైకి ఎక్కిన 150 మందికి పైగా ప్రాణాలు కాపాడిందని ప్రసిద్ధి. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఆనాటి విషాదానికి సాక్షిగా నిలిచి ఉన్నది.

ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీ ఖాన్ ప్రభుత్వం విశ్వేశ్వరయ్య సహాయాన్ని అర్థించింది. ఆయన 1909 ఏప్రిల్‌లో హైదరాబాదుకు వచ్చి బాధ్యతలు స్వీకరించారు. నగరంలో కట్టలు ఎత్తు చేయడంతో సరిపెట్టుకోకుండా ఆయన వరద పుట్టిన చోటును వెదుకుతూ నది ఎగువకు దృష్టి సారించారు. మూసీ పరీవాహక ప్రాంతంలో వందలాది చెరువులు ఉండేవి. వాటిలో రెండు వందలకు పైగా ఆ వర్షానికి తెగిపోయాయి. పై చెరువు తెగి కింది చెరువుపై పడగా, ఆ నీరంతా ఏకమై నగరం మీదికి దూకింది. ఈ వాస్తవాన్ని లెక్కలతో నిరూపించి, మూసీపై ఒకటి, దాని ఉపనది అయిన ఈసాపై మరొకటి జలాశయాలు నిర్మించాలని ఆయన ప్రతిపాదించారు. వరద వచ్చినప్పుడు ఆ నీటిని జలాశయాలలో నిలిపివేసి, నది భరించగల మేరకే క్రమంగా దిగువకు వదలడం ఈ పథకంలోని కీలకాంశం. ప్రాణాలు తీసిన నీటినే దాహం తీర్చే నీటిగా మార్చడం ఇందులోని మరొక ప్రయోజనం.

అదే సంవత్సరం అక్టోబరు నాటికి నివేదిక సమర్పించి, విశ్వేశ్వరయ్య మైసూరు సంస్థానపు ప్రధాన ఇంజనీరుగా వెళ్లారు. ఏడవ నిజాము ఉస్మాన్ అలీ ఖాన్ పాలనలో ఆ ప్రతిపాదనలు కార్యరూపం ధరించాయి. 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి. హిమాయత్ సాగర్ నిర్మాణంలో నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ ప్రతిభ చిరస్మరణీయమైనది. దశాబ్దాల పాటు ఈ రెండు జలాశయాలే హైదరాబాదు దాహార్తిని తీర్చాయి.

విశ్వేశ్వరయ్య దృష్టి జలాశయాలతో ఆగలేదు. ఆ రోజులలో మురుగు కాలువలు వీధుల పక్కన తెరిచే ఉండేవి. వాటి దుర్గంధం ఒక బాధ, వాటి వల్ల వ్యాపించే రోగాలు మరొక బాధ. ఇరుకు వీధిలో సగభాగం మురుగుకే పోతే, మిగిలిన సగంలో బండ్లూ, పశువులూ, మనుషులూ ఒకరినొకరు ఒరుసుకుంటూ సాగవలసి వచ్చేది. మురుగును భూగర్భ మార్గాలలో నగరం వెలుపలికి పంపే పథకాన్ని ఆయన రూపొందించారు. తరువాతి కాలంలోనూ హైదరాబాదు ప్రభుత్వం పలుమార్లు ఆయన సలహాలను స్వీకరించింది. నదీతీరాలను గట్టిపరచి, ఆ గట్ల వెంట ఉద్యానవనాలు పెంచి, ప్రజల విహారానికి అనువుగా తీర్చిదిద్దాలన్నది కూడా ఆయన సూచనయే.

హైదరాబాదును గురించి ఆయన కన్న కలలో ముఖ్యమైన అంశాలు నాలుగు: సంపూర్ణమైన మురుగు పారుదల వ్యవస్థ, దుమ్ము లేవని నున్నని రోడ్లు, పాదచారులకు కాలిబాటలు, విరివిగా ఉద్యానవనాలు. ఇవి సమకూరితే ఆ నగరం దేశంలోని ఉత్తమ నగరాలకు దీటుగా నిలుస్తుందని ఆయన విశ్వసించారు. ఆనకట్టలు కట్టిన చేతులే కాలిబాటను కూడా అదే వరుసలో చేర్చడం గమనింపదగినది. భూమి కింద మురుగుకు దారి చూపితేనే భూమి పైన మనిషికి దారి దొరుకుతుందన్న ఎరుక ఆ ప్రణాళికలో ఉన్నది.

వరద అనంతరం 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి మండలి హైదరాబాదులో ఇరుకు వాడలను తొలగించి, విశాలమైన వీధులను, ఆరోగ్యకరమైన గృహాలను నిర్మించే కార్యానికి పూనుకున్నది. చార్మినారుకు సమీపంలోని పత్తర్‌గట్టి ఆ మండలి నిర్మించినదే. అక్కడ దుకాణాల ముందు రాతి కమానుల నీడలో బాటసారులు ఎండవానల బాధ లేకుండా నడిచే ఏర్పాటు చేశారు. వ్యాపారమూ, సౌందర్యమూ, నడిచేవారి సౌకర్యమూ పరస్పర విరుద్ధాలు కావని ఆ కట్టడం నేటికీ చాటుతున్నది.

విశ్వేశ్వరయ్య 1912 నుండి 1918 వరకు మైసూరు దివానుగా పనిచేశారు. కావేరిపై కృష్ణరాజసాగరం, 1916లో స్థాపించిన మైసూరు విశ్వవిద్యాలయం ఆయన కార్యదక్షతకు నిదర్శనాలు. 1955లో భారత ప్రభుత్వం ఆయనను భారతరత్న బిరుదంతో గౌరవించింది. సమయపాలన, మితాహారం, నిత్య వ్యాయామం ఆయన దీర్ఘాయుష్షుకు పునాదులు. తొంభై ఏళ్లు దాటిన వయస్సులో గంగానదిపై వంతెన నిర్మించవలసిన స్థలాన్ని పరిశీలించడానికి వెళ్లినప్పుడు, కారు ముందుకు పోలేని చోట కుర్చీలో మోసుకుపోతామన్నా అంగీకరించక, మండుటెండలో నడిచే వెళ్లారని చెబుతారు. 1962 ఏప్రిల్‌లో నూరేళ్ల నిండు జీవితాన్ని ముగించారు. ఆయన జన్మదినమైన సెప్టెంబరు 15ను మన దేశంలో ఇంజనీర్ల దినోత్సవంగా జరుపుకుంటున్నాము.

ఆయన ప్రణాళికలో జలాశయాలు పూర్తయ్యాయి. కాలిబాట మాత్రం నేటికీ అసంపూర్ణంగానే మిగిలింది. 2020 అక్టోబరులో హైదరాబాదును వరదలు మళ్లీ ముంచెత్తినప్పుడు, ఆక్రమణలకు గురైన చెరువుల, కాలువల ప్రస్తావన మరల వచ్చింది. 2022లో మన దేశంలో 32,000 మందికి పైగా పాదచారులు రోడ్డు ప్రమాదాలలో మరణించారు. కాలిబాటపై సురక్షితంగా నడవడం పౌరుని జీవించే హక్కులో భాగమని 2025లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అంతకు ఎన్నో దశాబ్దాల ముందే విశ్వేశ్వరయ్య కాలిబాటను నగర ప్రణాళికలో భాగంగా భావించారు.

ఈ పాఠం మహానగరాలకు మాత్రమే పరిమితం కాదు. 1866లో పురపాలక సంఘంగా ఏర్పడిన నెల్లూరు 2004లో నగరపాలక సంస్థ అయింది. 2011 నాటికి దాని జనాభా దాదాపు 5 లక్షలు. అనగా వరదకు ముందు హైదరాబాదు ఎంత ఉండెనో ఇంచుమించు అంత. ఇటువంటి నగరాలు పెరిగే కొద్దీ, సమీపంలోని కొడవలూరు వంటి ఊళ్లు వాటికి మరింత చేరువవుతాయి. నిన్న పొలంగట్టు మీద నడిచి బడికి వెళ్లిన బాలిక, రేపు లారీలు పరుగెత్తే రహదారి అంచున నడవవలసి వస్తుంది. రోడ్డు వేసేటప్పుడే ఆమె అడుగుకు చోటు విడిచిపెడితే వ్యయం స్వల్పం. దుకాణాలు, మేడలు వెలసిన తరువాత ఆ చోటును తిరిగి సంపాదించడం దుస్సాధ్యం. వరద ముంచెత్తిన తరువాత హైదరాబాదు మేల్కొన్నది. ఇప్పుడిప్పుడే పెరుగుతున్న పట్టణాలకు ముందుగానే మేల్కొనే అవకాశం ఉన్నది. ఆ అవకాశాన్ని వినియోగించుకోవడమే విశ్వేశ్వరయ్యకు మనం సమర్పించగల నిజమైన నివాళి.