బొమ్మల యుద్ధానికి నిబంధనలు కట్టిన వెల్స్ మహాశయుడు

మన చెన్నపట్నం తెలుగు ఇళ్లలో దసరా బొమ్మల కొలువు ముగిసిన మరునాడు ఒక వేడుక జరుగుతూ ఉంటుంది. తల్లులు బొమ్మలను పాతగుడ్డల్లో చుట్టి పెట్టెకెక్కించక ముందే పిల్లలు వాటిని నేలమీద రెండు బారులుగా నిలిపి యుద్ధం ఆరంభిస్తారు. మా ఇంట ఈ యుద్ధం అయిదు నిమిషాలకు మించి సాగిన రోజు లేదు. నీ సిపాయి చచ్చాడని ఒకడు, గోడకు ఆని నిలిచాడు గనుక చావలేదని ఇంకొకడు. చివరకు ఫిర్యాదు నా దగ్గరకు వస్తుంది. రైల్వే ఆఫీసులో ఎన్నో ఫైళ్లు తేల్చే గుమాస్తాను గాని, ఈ ఫైలు మాత్రం నావల్ల తెగదు. ఇటువంటి తగవులు తీర్చడానికి ఒక పుస్తకమే వ్రాసిన ఆంగ్ల రచయిత హెచ్. జి. వెల్స్ గారి కథను ఈ ఉగాది సంచికలో పాఠక మహాశయులకు మనవి చేస్తున్నాను.

హెర్బర్ట్ జార్జ్ వెల్స్ 1866 సెప్టెంబరు 21వ తేదీన లండనుకు సమీపాన ఉన్న బ్రామ్లీలో జన్మించారు. తండ్రి పింగాణీ సామానూ, క్రికెట్ సామానూ అమ్మే చిన్న దుకాణదారు. క్రికెట్ ఆడి కూడా నాలుగు డబ్బులు సంపాదించేవాడు. తల్లి పెద్దల ఇంట కొలువు చేసిన ఇల్లాలు. 1874లో బాలుడైన వెల్స్ కాలు విరిగి మంచం పట్టారు. ఆ మంచంమీదనే పుస్తకాల రుచి మరిగారు. తరువాత ఇల్లు గడవక బట్టల కొట్టులో పని నేర్చుకొనే కుర్రవాడుగా చేరవలసి వచ్చింది. ఆ బానిసతనం నుండి తప్పించుకొని, 1884లో విద్యార్థి వేతనంమీద లండనులో హక్స్‌లీ పండితుని వద్ద జీవశాస్త్రం చదివారు. 1895లో టైమ్ మెషీన్, 1898లో వార్ ఆఫ్ ది వరల్డ్స్ నవలలు వెలువడి ఆయన కీర్తి దేశదేశాల వ్యాపించింది.

ఇంత పేరు వచ్చిన మనిషి ఇంట్లో పిల్లలతో పాటు నేలమీద కూర్చుండి బొమ్మలతో ఆడుకునేవారు. ఒకనాడు సముద్రతీరాన శాండ్‌గేట్‌లోని ఇంటికి భోజనానికి వచ్చిన మిత్రుడొకరు, స్ప్రింగుతో చిన్న కర్రముక్కను విసిరే బొమ్మ ఫిరంగిని సరదాగా పేల్చి ఒక సీసపు సిపాయిని పడగొట్టారు. ఆ మిత్రుడు హాస్యరచయిత జెరోమ్ కె. జెరోమ్ అని పలువురి అభిప్రాయం. ఆ గుండుతో ఆట పుట్టింది. ఆ ఆట పుస్తకమే 1913లో అచ్చయిన లిటిల్ వార్స్, అనగా చిన్న యుద్ధాలు.

మన పూర్వులు చతురంగ బలాలను అరవైనాలుగు గళ్లలో బంధించారు. గడి ఉన్నచోట తగవు తక్కువ. 2022లో మన మామల్లపురంలో జరిగిన ఒలింపియాడుకు ఎన్నో దేశాలవారు వచ్చి చదరంగం ఆడగలిగారంటే అందుకు అందరికీ ఒకే పలక, ఒకే నిబంధనలు ఉండడమే కారణం. వెల్స్ గారి నేలమీద గళ్లు లేవు. కాల్బలం ఒక ఎత్తుకు ఒక అడుగు, గుర్రపుదళం రెండు అడుగులు కొలిచి నడవాలి. ఇక ఎంతసేపు ఆలోచించవచ్చు? ఎదుటివాడికి విసుగు పుట్టేదాకా ఆలోచించే ఆటగాడు ఎక్కడైనా ఉంటాడు. అందుకని ముప్పైమంది సిపాయిలకు ఒక నిమిషం, ఒక్కొక్క ఫిరంగికి ఒక నిమిషం చొప్పున గడువు పెట్టారు. గడువు తీరితే కదలని దళం కదలనట్టే.

ఫిరంగి దగ్గర ఇంకా చిక్కు వచ్చింది. ఆరంగుళాల లోపల తన పక్షంవారు నలుగురు లేకపోతే ఆ ఫిరంగి పనిచేయదు. ఒక ఎత్తులో దాన్ని జరపాలి, లేదా నాలుగు గుండ్ల వరకు పేల్చాలి, రెండూ కుదరవు. మరి శత్రువు దాన్ని పట్టుకున్నట్టు ఎప్పుడు లెక్క? చుట్టూ పన్నెండుమంది మూగినా చాలదు. స్వపక్షంవాడు ఆరంగుళాల లోపల ఒక్కడైనా మిగలకూడదు. పట్టేవారు నలుగురు దాని ఇరుసు దాటి ముందుకు పోవాలి. మా రైల్వేలో ఒక నానుడి ఉంది: రూలు పుస్తకంలోని ప్రతి రూలు వెనుకా ఒక ప్రమాదం ఉంటుందని. వెల్స్ గారి ప్రతి నిబంధన వెనుకా ఒక పేచీ ఉండి ఉంటుందని నాకు తోస్తుంది.

అయినా ఒక పెద్ద లొసుగు మిగిలింది. నేను నా సేనను నడిపేటప్పుడు నీ సేన బొమ్మల్లే నిలబడి ఉండాలి. ఇంటిచాటునుండి నా గుర్రాలు రెండడుగులు దూకి మీదపడితే, నీ ఫిరంగి ఎదురుగా ఉండి కూడా పేలదు. నీ వంతు రాలేదు. దీనికి వెల్స్ గారు చేసిన మందు తెలివైనదే. మీద పడినవాడు మనిషికి మనిషిని నష్టపోవాలి. సాయం అందేంత దూరంలో తనవారు తగినంతమంది లేక ఒంటరిగా చిక్కితే ఖైదీలుగా పోవాలి. కనుక వంతుచూసి దూకేవాడు వెనుక చూసుకొని దూకాలి. 1824లో ప్రష్యా దేశపు సైనికోద్యోగి రైస్విట్జ్ తన ఆటలో వేరొక దారి తొక్కాడు. ఒక్కొక్క ఎత్తు రెండు నిమిషాల యుద్ధకాలం. ఇరుపక్షాల ఆజ్ఞలు చూసి అంపైరు తీర్పు చెప్పేవాడు. తరువాతి కాలపు ఆటలలో ఎదుటివాడి వంతులోనే కాల్చే హక్కు కూడా వచ్చింది. హక్కు వచ్చినచోట మళ్లీ కొత్త పేచీ వచ్చింది.

ఈ ఆట నేర్పే పాఠం ఒకటి ఉందని వెల్స్ గారి నమ్మకం. బొమ్మలతోనే ఇన్ని పొరపాట్లు చేసే మనుషులు నిజమైన యుద్ధం చేస్తే ఎంత ఘోరమో ఊహించుకొమ్మన్నారు. పుస్తకం వచ్చిన మరుసటి ఏడే, 1914 ఆగస్టులో, మహాయుద్ధం వచ్చింది. చిత్రమేమంటే, ఆయనే ఆ యుద్ధాన్ని సమర్థించి, యుద్ధాలకు అంతం పలికే యుద్ధమిదని పుస్తకం ప్రకటించారు. అది జరగలేదు. అక్కడ గడువు పిలిచేవాడు లేడు, అంపైరు లేడు. ఎంత బుద్ధిమంతుడైనా తన పక్షం వంతు వచ్చేసరికి లొసుగు వెదుకుతాడన్నది ఆయన జీవితమే చెబుతోంది.

కాని ఆయన ఆ తప్పుతో ఆగిపోలేదు. రెండవ మహాయుద్ధం వచ్చాక, డెబ్బైమూడేళ్ల వయసులో, ఈమారు ప్రపంచానికే నిబంధనలు కట్టబూనారు. 1940లో మానవుని హక్కుల పట్టిక ప్రచురించి, పలుదేశాల పెద్దల అభిప్రాయం కోరారు. గాంధీ మహాత్ముడు దానికి బదులిస్తూ, ముందు మానవుని విధుల పట్టిక వ్రాయమని సలహా ఇచ్చారు. వెల్స్ 1946 ఆగస్టు 13న లండనులో కన్నుమూశారు. 1948 డిసెంబరు 10న ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల ప్రకటన చేయడం ఆయన చూడలేదు.

హక్కు మాత్రమే ఎరిగినవాడు రూలులో సందు వెదుకుతాడు. విధి ఎరిగినవాడు సందు కనబడినా దూరడు. కిందటి దసరాకు మా పిల్లలకు వెల్స్ గారి ఆరంగుళాల రూలు చెప్పాను. అరగంట యుద్ధం సాగింది. తరువాత పెద్దవాడు స్కేలు వంకరగా పెట్టి కొలిచాడని చిన్నవాడి ఫిర్యాదు! స్కేలు సరిగానే ఉంది, సరిచేయవలసింది చేతిని. ఈ కొత్త సంవత్సరం మనకందరికీ సరిగా కొలిచే చేతులను ప్రసాదించుగాక.