సీకే నాయుడు ఎవరి కెప్టెన్?

మా అంగళ్లు హాస్టల్లో ధోనీ, కోహ్లీ అభిమానుల గొడవ తెగదు. అది విన్నప్పుడల్లా నాకు సీకే నాయుడు గుర్తొస్తారు. 1895లో నాగపూర్‌లో తెలుగింట పుట్టారు. అప్పట్లో బొంబాయి పోటీల్లో జట్లంటే హిందువులు, ముస్లింలు, పార్సీలు, యూరోపియన్లే. మతం పేరుతో ఆటలేంటని తర్వాత గాంధీజీ కూడా వ్యతిరేకించారు. 1926లో ఆ హిందూ జట్టు తరఫునే నాయుడు ఇంగ్లండ్ నుంచి వచ్చిన ఎంసీసీపై 11 సిక్సర్లతో 153 బాదారు. 1932లో లార్డ్స్‌లో మన తొలి టెస్టుకు కెప్టెన్ ఆయనే. ఆ పదకొండు మందిలో నిసార్, పాలియా, లాల్ సింగ్ అందరూ ఉన్నారు. ఫీల్డింగ్‌లో చేతికి దెబ్బ తగిలినా 40 కొట్టారు. మతం జట్ల పోటీలు 1946లో ఆగిపోయాయి. నాయుడు 1967లో పోయారు. ఆ 153ని తీసిపారేయలేం. అంత గొప్పగా ఆడారని అలాంటి జట్లను వెనకేసుకు రాలేం. నాకైతే లార్డ్స్‌లో కొట్టిన ఆ 40 పరుగులే ఎక్కువ.