గిడుగు వేంకట రామమూర్తి

గిడుగు వేంకట రామమూర్తి (1863 ఆగష్టు 29 – 1940 జనవరి 22) ఉపాధ్యాయుడు, భాషావేత్త, వ్యావహారిక భాషోద్యమ నాయకుడు. సవర భాషలో ప్రాథమిక పాఠములు రచించి, ఆ పిల్లలకు బడులు నడిపినాడు. ఈయన జన్మదినమును తెలుగు భాషా దినోత్సవముగా జరుపుకొంటారు.

బాల్యము, ఉద్యోగము

శ్రీముఖలింగము సమీపమున పర్వతాలపేటలో జన్మించాడు. 1875లో తండ్రి వీర్రాజు మరణించగా విశాఖపట్టణమున మేనమామ ఇంట ఉండి మెట్రిక్యులేషన్ చదివాడు. 1880లో నెలకు 30 రూపాయల జీతముపై పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయుడయ్యాడు. పై పరీక్షలకు ప్రైవేటుగానే చదువుకొన్నాడు.

సవర పిల్లల పాఠములు

పర్లాకిమిడి పరిసరములలోని కొండలపై సవరలు నివసిస్తారు. వారి భాష ముండా కుటుంబమునకు చెందినది; తెలుగుతో చుట్టరికము లేదు. లెక్కింపు కూడ వేరు. సవర భాషలో 12 దాటిన పిదప సంఖ్యలు 12పైననే నిలుస్తాయి: 13 అనగా పన్నెండు-ఒకటి, 19 అనగా పన్నెండు-ఏడు. 20 నుండి ఇరవైల లెక్క. 33 చెప్పవలెనన్న ఒక ఇరవై, పన్నెండు, ఒకటి అనవలెను. ఇట్టి బిడ్డను తెలుగు బడిలో కూర్చుండబెట్టి ఒకట్లు, పదుల స్థానములు వల్లింపజేసిన, పరభాషతోపాటు పరాయి లెక్కను కూడ ఒకేసారి నేర్వవలసి వచ్చును. అంకెలు రానిది బిడ్డ మందబుద్ధి వలన కాదు.

రామమూర్తి సవర తెలిసినవానిని ఇంటనే ఉంచుకొని భాష నేర్చాడు. వాచకములు, కథలు, పాటలు, నిఘంటువులు సిద్ధపరచాడు. సొంత డబ్బుతో బడులు పెట్టి ఉపాధ్యాయులకు జీతములిచ్చాడు. మద్రాసు ప్రభుత్వము పారితోషికమీయబోగా, ఆ సొమ్ముతో సవరలకు బడి పెట్టుమని కోరాడు. మన్యమున మలేరియా సోకి, క్వినైను వాడిన ఫలితముగా వినికిడి కోల్పోయాడు. చెవితో విని వ్రాయవలసిన పని చేయువానికి ఇంతకు మించిన నష్టముండదు. అయినను పని మానలేదు.

తరువాతి జీవితము

1911లో ఉద్యోగ విరమణ చేశాడు. పిల్లలకు వాడుక మాటలలో బోధించవలెనన్న పట్టుదల తెలుగు విషయములోను ఈయనను పండితులతో వాదమునకు దింపింది. 1919లో 'తెలుగు' అను మాసపత్రిక నడిపాడు. 1931లో సవర వ్యాకరణము ఆంగ్లమున వెలువడినది. 1913లో రావు సాహెబ్, 1934లో కైజర్-ఇ-హింద్ లభించాయి. 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో చేరగా రాజమహేంద్రవరమునకు తరలి వచ్చాడు. కుమారుడు సీతాపతి సవర భాషా పరిశోధనను కొనసాగించాడు.