పల్నాటికి వచ్చిన హెల్మ్‌స్టెట్ బాలుడు

ధ్యానభాగములు: ఆదికాండము 12:1–5, యెహోషువ 14:6–14



ఐరోపా ఖండమునకు వెళ్లివచ్చినవారు అక్కడి పురాతన దేవాలయములను గూర్చి, వాటి గోపురముల యెత్తును, కిటికీల రంగుటద్దములను గూర్చి మనకు చెప్పుచుందురు. వినుటకు బాగుండును. అయితే నాదెండ్లలోనో గురజాలలోనో ఉన్న క్రైస్తవుడు ఆ ఖండములో ఏ ఊరు చూడవలెనని అడిగినయెడల, నేను రోము పేరు గాని లండను పేరు గాని చెప్పను. జర్మనీ దేశములో బ్రౌన్‌ష్వైగు పట్టణమునకు తూర్పున హెల్మ్‌స్టెట్ అను చిన్న ఊరున్నది. అక్కడికి వెళ్లి చూడుమందును.

ఆ ఊరు చిన్నదే గాని దాని వయస్సు చిన్నది కాదు. సుమారు వెయ్యిన్ని రెండువందల యేండ్ల క్రిందట పునాది పడిన లుడ్గెరు మఠము అక్కడ ఉన్నది. 1176లో స్థాపించబడిన మారియెన్‌బెర్గు మఠము ఉన్నది. పూర్వపు కోటద్వారములలో ఒకటి హౌస్మన్ బురుజను పేరుతో నేటికిని నిలిచియున్నది. 1576లో ఒక విశ్వవిద్యాలయము అక్కడ స్థాపించబడెను. రాతితో కట్టిన దాని మేడ ఇప్పటికిని చెక్కుచెదరలేదు. వీటి నడుమ స్తెఫను దేవాలయమున్నది. మన ప్రాంతపువారు ముఖ్యముగా చూడవలసినది దానినే. పల్నాటికి సువార్త తెచ్చిన జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యరు అయ్యగారు 1807లో, పదమూడు పదునాలుగేండ్ల బాలుడుగా, ఆ దేవాలయమందే తన విశ్వాసమును ఒప్పుకొని కన్ఫర్మేషను పొందెను.

ఆయన 1793 జూలై 10న ఆ ఊరిలో జన్మించెను. తండ్రి జంతుచర్మములతో వస్త్రములు కుట్టి అమ్ముకొను పనివాడు. ఆ దినములలో నెపోలియను సేనలు జర్మను దేశముల మీదుగా పోవుచు వచ్చుచుండెను. ఎదిగిన కుమారులున్న ఇండ్లలో నిద్రలేదు. ఏ సిపాయి వచ్చి ఏ పిల్లవానిని దండులోనికి ఈడ్చుకొని పోవునో యని భయము. అందుచేత తలిదండ్రులు ఆ బాలుని అమెరికా దేశములోని ఫిలడెల్ఫియా పట్టణమునకు మేనమామ యొద్దకు పంపివేసిరి. ఆ మేనమామయు చర్మముల వ్యాపారియే, టోపీలు చేయువాడు. కన్ఫర్మేషను బల్ల యొద్దనుండి లేచిన యేడే ఆ పిల్లవాడు ఓడ యెక్కవలసి వచ్చెను. మూడేండ్లు తిరుగకమునుపే ఆ ఊరి విశ్వవిద్యాలయమును నెపోలియను తమ్ముడు మూయించెను.

ఫిలడెల్ఫియాలో జర్మను లూథరను సంఘమునకు హెల్మూత్ అను వృద్ధ కాపరి యుండెను. ఆయనయు హెల్మ్‌స్టెట్‌లో పుట్టినవాడే, హాలె పట్టణమందు చదివినవాడు. పరదేశములో తన ఊరి కాపరి దొరకుట ఆ బాలునికి ఎంత ఆదరణయో, పొట్టచేతబట్టుకొని దూరప్రాంతములకు వలసపోయిన మనవారికి వేరుగా చెప్పనక్కరలేదు. హయ్యరు ఆయన యొద్ద వేదశాస్త్రము నేర్చుకొనెను. యుద్ధములు ముగిసిన తరువాత జర్మనీకి మరలి గొటింగెను విశ్వవిద్యాలయమందు కొంతకాలము చదివి, 1817 నుండి అమెరికాలో బోధకుడుగా తిరుగనారంభించి, 1820లో గురుపట్టము పొందెను. ఆ పిమ్మట ఇరువది యేండ్లు అడవులలోను కొండలలోను గుర్రముమీద తిరిగి, చెదరియున్న జర్మను కుటుంబములను సంఘములుగా కూర్చెను. ఆ పని గూర్చి చెప్పుటకు మరియొక సంచిక కావలెను.

1839లో ఆయన భార్య మేరీ మరణించెను. నలువదియైదేండ్ల వయస్సు, బిడ్డలు గలవాడు. లోకరీతిగా ఇక ఒకచోట కుదురుకొనవలసిన కాలమది. అప్పుడే హిందూదేశమునకు వెళ్లుటకు లూథరను సంఘములవారు ఆయనను పిలిచిరి. ఆయన ఒప్పుకొనెను. కాని వేరొక మిషను సంస్థకు లోబడి, దాని చేతిక్రింద పని చేయవలెనని ఏర్పాటు జరిగినప్పుడు, ఆయన ఆ పదవిని వదలుకొనెను. లూథరను సంఘము తన బాధ్యతను తానే మోయవలెనని ఆయన పట్టుదల. ఇది మొండితనమని తలంచువారుండవచ్చును; నాకు మాత్రము అట్లు తోచదు. మనము పంపినవాడని చెప్పుకొనగలిగితేనే గదా ఒక సంఘము తన వానికొరకు ప్రార్థించును, పైసలు కూడబెట్టును. చివరకు 1841లో పెన్సిల్వేనియా లూథరను సంఘములే ఆయనను పంపెను. ఆ అక్టోబరులో బోస్టను రేవున ఓడ యెక్కి, సింహళమునకును, అక్కడినుండి మద్రాసునకును, నెల్లూరు మీదుగా గుంటూరునకును చేరెను. ఆ దినము 1842 జూలై 31, ఆదివారము. మన లూథరను సంఘములు ఏటేట మిషను దినము జరుపుకొనుట ఆ దినము జ్ఞాపకముగానే.

గుంటూరులో కలెక్టరు హెన్రీ స్టోక్సు దొరగారు ఆయనను చేర్చుకొని, ధనముతోను మాటతోను సహాయపడెను. హయ్యరు అయ్యగారు బడులు పెట్టెను. 1845లో ఆరోగ్యము చెడి అమెరికాకు మరలినను ఊరకుండలేదు. బాల్టిమోరులో వైద్యము చదివి పట్టము పొంది, తిరిగి వచ్చెను. అది ఎంత అవసరమో 1849లో తెలిసినది, ఏలయనగా ఆ సంవత్సరము ఆయన గుంటూరు విడిచి గురజాలకు కాపురము మార్చెను.

అప్పటి గురజాల ఎటువంటిదో తలంచుకొనుడి. నేడు నరసరావుపేట, పిడుగురాళ్ల మీదుగా బస్సులో పోవుచున్నాము. నాడు రాళ్ల బాట, ఎడ్లబండి. వేసవిలో నాపరాతి నేల నిప్పులు చెరుగును. వానలు కురిసిన వెనుక జ్వరములు పట్టును. దొరలు ఎవరును కోరుకొనని తాలూకా అది. యాబదియైదేండ్ల మనుష్యుడు, భార్య లేనివాడు, తన బిడ్డలు సముద్రమునకు ఆవల నుండగా, ఒక చేత మందులపెట్టె, మరియొక చేత సువార్తతో అక్కడ నిలిచెను. కాలేబు తన ముసలితనమందు మెత్తని పొలములను కోరక కొండసీమను కోరుకొనెను గదా. యెహోషువ గ్రంథమందు ఆ భాగము చదివినప్పుడెల్ల నాకు గురజాల కనబడును.

ఊరి వెలుపల ఉంచబడిన పేదజనులు ఆయన మాట విని బాప్తిస్మము పొందిరి. బ్రహ్మనాయుడు అన్ని కులములవారిని ఒక్క చాపమీద కూర్చుండబెట్టి చాపకూడు కుడిపించెనని పల్నాటిలో పసిపిల్లలకైనను తెలియును. తరతరములుగా ఆ కథ వినుచునే, బావియొద్ద దూరముగా నిలువవలసి వచ్చిన మనుష్యులు వీరు. వీరికి ప్రభువు బల్ల యొద్ద ఒక్క పాత్రలోనుండి త్రాగుట ఎట్టి సంగతియో, మన తాతల కాలము ఎరిగిన పెద్దలు చెప్పగలరు.

1857లో ఆయన అమెరికాకు మరలిపోయెను. అక్కడ మిన్నెసోటా రాష్ట్రములో సంఘములను కూర్చు పనిలో పడెను. ఇంతలో అమెరికాలో 1861 నుండి 1865 వరకు అంతర్యుద్ధము జరిగి, దాని వెనుక లూథరనులు తమలో తాము చీలిరి. మన దేశములోని మిషను పని ఎండిపోయెను. ఒకప్పుడు గుంటూరులో ఉనాంగ్స్టు దొరగారు ఒక్కరే మిగిలిరి. రాజమండ్రి పొలమును ఇంగ్లాండువారి సి.ఎం.ఎస్. సంస్థకు అప్పగించివేయుటకు ఏర్పాట్లును జరిగెను. అప్పుడు జర్మనీకి వెళ్లియున్న హయ్యరు అయ్యగారికి, రాజమండ్రిలో పూర్వము పనిచేసిన గ్రోనింగు దొరగారి వలన ఈ సంగతి తెలిసెను. వెంటనే అమెరికాకు మరలి, 1869 మేలో రెడింగు పట్టణమందు కూడిన పెన్సిల్వేనియా సంఘముల సభలో నిలువబడి, ఆ పొలమును విడువవద్దని వేడుకొనెను. వెళ్లువారెవరని ప్రశ్న వచ్చినప్పుడు తానే వెళ్లుదుననెను. ఎప్పుడు వెళ్లగలరని అడుగగా, ఇప్పుడే సిద్ధమనెను. అప్పటికి ఆయనకు డెబ్బదియైదేండ్లు నిండియున్నవి. అబ్రాహాము హారాను విడిచిన వయస్సు అదే.

సభవారు అప్పగింత మాట మానుకొనిరి. ఆ డిసెంబరులో ఆ వృద్ధుడు రాజమండ్రి చేరి, చెదరిన కొద్దిమందిని కూర్చి, బడులు సరిచేసి, 1870లో ష్మిట్ దొరగారు వచ్చిన తరువాత ఆ పనిని ఆయనకు అప్పగించి, 1871 ఆరంభములో మూడవసారి తెలుగు దేశమును విడిచెను. ఆయన వెళ్లియుండనియెడల గోదావరి లూథరను సంఘముల చరిత్ర మరియొక విధముగా నుండెడిది.

కడపటి దినములలో ఆయన ఫిలడెల్ఫియా వేదపాఠశాలలో ఉండి, కాపరులు కాబోవు యువకులను కనిపెట్టుచుండెను. అక్కడనే 1873 నవంబరు 7న ప్రభువునందు నిద్రించెను. పుట్టిన హెల్మ్‌స్టెట్‌లో గాని, జ్వరములు ఓర్చుకొనిన గురజాలలో గాని ఆయన సమాధి లేదు. పెన్సిల్వేనియాలో సోమర్సెటు దగ్గర ఫ్రీడెన్సు అను పల్లెయున్నది. జర్మను భాషలో సమాధానమను మాటనుండి వచ్చిన పేరది. ముప్పదినాలుగేండ్ల క్రిందట మేరీని పాతిపెట్టిన ఆ శ్మశానములోనే, ఆమె ప్రక్కన, ఆయనను ఉంచిరి.