బళ్ళారి రాఘవ

తాడిపత్రి రాఘవాచార్యులు అంటే గుర్తుపట్టేవారు తక్కువ. బళ్ళారి రాఘవ అంటే తెలియని నాటకప్రియుడు లేడు. ఆయన 1880 ఆగస్టు 2వ తేదీన తాడిపత్రిలో జన్మించారు. ఇప్పుడు అనంతపురం జిల్లాలో ఉన్న ఆ ఊరు ఆనాడు బళ్ళారి జిల్లాలోనిదే.

ఆయన మేనమామ 'ఆంధ్ర నాటక పితామహుడు' ధర్మవరం రామకృష్ణమాచార్యులు. మేనల్లునికి నాటకం ఇంటి విద్యగానే అబ్బింది. మద్రాసులో చదువుకొని రాఘవ బళ్ళారిలో న్యాయవాది అయ్యారు. పగలు కోర్టు, రాత్రి రంగస్థలం! హరిశ్చంద్రుడు, దుర్యోధనుడు, కోలాచలం శ్రీనివాసరావు నాటకంలోని పఠాన్ రుస్తుం ఆయనకు పేరు తెచ్చిన పాత్రలు. తెలుగులోనే కాక కన్నడం, ఇంగ్లీషు, హిందీ భాషలలో కూడా ఆయన నటించారు.

ఆ రోజులలో నటునికి గొంతే పెట్టుబడి. రాగం ఎంతసేపు తీస్తే అన్ని చప్పట్లు. 'వన్స్ మోర్' అనగానే చనిపోయిన పాత్ర సైతం లేచి మళ్ళీ పద్యం అందుకునేది! రాఘవకు ఇది నచ్చలేదు. దుఃఖంలో ఉన్న మనిషి రాగాలు తీయడు కదా! అందుచేత ఆయన పద్యాలు తగ్గించి, మాటతో, చూపుతో, మౌనంతో నటించారు. పద్యం కోసం వచ్చిన ప్రేక్షకులలో కొందరికి ఇది రుచించలేదు. అయినా ఆయన తన పద్ధతి విడువలేదు. స్త్రీ పాత్రలను స్త్రీలే ధరించాలని పట్టుబట్టి, చదువుకున్న మహిళలను రంగస్థలం మీదికి తెచ్చారు. కొమ్మూరి పద్మావతీదేవి అట్లా వచ్చినవారే.

ఇంతలో సినిమా మాటలు నేర్చింది. తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' 1932లో విడుదలైంది. సురభివారు ఆడుతూ వచ్చిన ధర్మవరంవారి నాటకమే దానికి ఆధారం. అంటే మేనమామ నాటకం మేనల్లుని కంటె ముందే తెరకెక్కిందన్నమాట!

1936లో 'ద్రౌపదీ మానసంరక్షణం'లో రాఘవ దుర్యోధనుడయ్యారు. సురభి కమలాబాయి ద్రౌపది, బందా కనకలింగేశ్వరరావు శ్రీకృష్ణుడు. అదే ఏడు అదే కథతో 'ద్రౌపదీ వస్త్రాపహరణం' కూడా వచ్చింది. అందులో యడవల్లి సూర్యనారాయణ, సి.ఎస్.ఆర్. వంటి పద్యనటులున్నారు. జనం దానికే పట్టం కట్టారు. రాఘవ చిత్రం ఓడిపోయింది.

కిరీటం తీసి తలపాగా చుట్టిన తరువాతనే తెర మీద ఆయన నటన తేటపడింది. 1939లో గూడవల్లి రామబ్రహ్మం తీసిన 'రైతుబిడ్డ'లో ఆయన రైతు. అందులో వేదాంతం రాఘవయ్య కూచిపూడి దశావతార శబ్దం ఆడారు. పాత రంగస్థలకళ కొత్త కథలో ఎంత చక్కగా ఒదిగిందో! జమీందార్ల ఒత్తిడి వలన ఆ చిత్రాన్ని కొన్ని ప్రాంతాలలో ప్రభుత్వం నిషేధించింది.

1940లో 'చండిక'లో నటించిన రాఘవ 1946 ఏప్రిల్ 16న బళ్ళారిలో కన్నుమూశారు. 1953లో బళ్ళారి మైసూరు రాష్ట్రంలో చేరింది. ఆ ఊరి నాటకశాలకు రాఘవ కళామందిరమని పేరు.