కెప్లర్ – పదమూడు రూపాల కథ

బి.ఎస్సీ. రోజుల్లో నాకు కెప్లర్ అంటే మూడు సూత్రాలే. పరీక్ష ముందురోజు బట్టీ పట్టడం, మర్నాడు మరిచిపోవడం! ఆ మహానుభావుడి మీద గౌరవం కలిగింది గ్రహాల వల్ల కాదు, ఫుట్‌బాల్ వల్ల.

నల్లని పంచభుజులు 12, తెల్లని షడ్భుజులు 20 కలిపి కుట్టిన బంతి మనందరికీ తెలిసిందే. దాన్ని అట్టముక్కలతో చేద్దామని కూర్చున్నాను. ప్రతి మూలా ఒక పంచభుజి, రెండు షడ్భుజులు కలుస్తాయి. కోణాల మొత్తం 348 డిగ్రీలు. 360కి ఆ 12 తక్కువ కాబట్టే అట్ట వంగి గుండ్రమవుతుంది. మూడూ షడ్భుజులైతే చాపలా పరుచుకుంటుంది, అంతే.

ఇలా రెండు మూడు రకాల క్రమ బహుభుజులతో, అన్ని మూలలూ ఒకే తీరున అమరినవే అర్ధక్రమ బహుఫలకాలు. పట్టకాలనూ ప్రతిపట్టకాలనూ పక్కనపెడితే అవి 13. కనిపెట్టింది ఆర్కిమెడిస్ అని పాపస్ రాశాడుగాని, ఆర్కిమెడిస్ గ్రంథం మనకు దక్కలేదు. 13కు మించి లేవని నిరూపించి, పేర్లుపెట్టి, 1619లో తన 'హార్మోనికెస్ ముండి'లో అచ్చువేసినవాడు కెప్లర్.

ఆయన 1571లో జర్మనీలోని వైల్ డెర్ ష్టాట్‌లో పుట్టాడు. చిన్ననాడే మశూచి సోకి చూపు దెబ్బతింది. గ్రాజ్‌లో లెక్కల పంతులుగా ఉంటూ, గ్రహాల దూరాలను అయిదు క్రమ బహుఫలకాల్లో ఇమిడ్చి 1596లో పుస్తకం వేశాడు. ఆ ఊహ తప్పు, అయినా చివరిదాకా దాన్ని వదల్లేదు. అదే మనిషి, అంగారకుడి లెక్కలో 8 కళల తేడా వచ్చిందని వృత్తాన్ని వదిలేసి, 1609లో దీర్ఘవృత్తాన్ని లోకానికిచ్చాడు.

ఇక ఆ 1619 నాటికి ఇంటి పరిస్థితి ఏమిటంటారా? కన్నతల్లి కాథరీనా మీద 1615 నుంచీ మంత్రగత్తె అన్న నింద. 1620లో ముసలావిడను బంధించారు. కొడుకు లింజ్ నుంచి వెళ్ళి, లెక్కలో ఒక్కొక్క మెట్టూ పరీక్షించినట్టే ఒక్కొక్క సాక్ష్యాన్నీ ఖండించాడు. 14 నెలల చెర తర్వాత, 1621లో ఆమె విడుదలైంది. మరుసటి ఏడే కన్నుమూసింది.

1630లో, రావలసిన బాకీల కోసం వెళ్ళి, రీగెన్స్‌బర్గ్‌లో కెప్లర్ మరణించాడు. యుద్ధంలో సమాధి కూడా మిగల్లేదు. రూపాలు మాత్రం మిగిలాయి. 1985లో కనుగొన్న 60 పరమాణువుల కార్బన్ అణువుది అచ్చం ఆ బంతి ఆకారమే.

నా అట్టబంతి వంకరగానే వచ్చింది. అయినా బల్లమీద అలాగే ఉంచుకున్నాను. మిత్రులారా, మీరూ ఒకటి చేసి చూడండి!