తుపాకుల శిల్పి జాన్ మోజెస్ బ్రౌనింగు

అమెరికా సంయుక్త రాష్ట్రములకు పడమటి దిక్కున యూటా అను ఎడారి సీమ కలదు. అందలి ఆగ్డెన్ పట్టణమున 1855వ సంవత్సరము జనవరి 23వ తేదీన జాన్ మోజెస్ బ్రౌనింగు జన్మించెను. ఆయన తండ్రి జోనాథన్ బ్రౌనింగు తుపాకులు చేయు పనివాడు. మార్మను మతస్థుడగుటచే ఆ మతమువారితో కలసి తూర్పు సీమలను విడిచి, 1852లో ఆ ప్రాంతమునకు వచ్చి, చిన్న కొలిమి పెట్టుకొని జీవించుచుండెను. మూడు కాపురములు, ఇరువది ఇద్దరు సంతానము గల ఇల్లది. అట్టి ఇంట ఏ వస్తువునకును ఒక్కసారితో పని తీరెడిది కాదు. విరిగిన తుపాకి, వంగిన గొట్టము, అరిగిన మర, అన్నియు కొలిమి మూల కుప్పలో చేరి, మరల ఏదో రూపమున వెలికి వచ్చెడివి. బ్రౌనింగు ఆటలాడినది ఆ కుప్పలోనే. పదేండ్ల ప్రాయమున అందులోని పనికిరాని గొట్టమునకు కొయ్యముక్కను కూర్చి తుపాకి చేసి, తమ్ముడు మాత్యూను వెంటబెట్టుకొని పోయి పక్షులను కొట్టి తెచ్చెనని ఆ కుటుంబమువారు చెప్పుకొనెడివారు.

1879లో తండ్రి గతించెను. ఆ యేడే బ్రౌనింగు వివాహము చేసికొనెను. ఆ యేడే అక్టోబరు 7వ తేదీన ఒక్కొక్క తూటాతో కాల్చు రైఫిలునకు తన మొదటి పేటెంటును పొందెను. తమ్ములతో కలసి చిన్న కార్ఖానా నెలకొల్పి ఆ రైఫిలును చేసి అమ్మసాగెను. 1883లో వించెస్టరు కంపెనీ పెద్దయగు బెన్నెటు అంతదూరము ప్రయాణము చేసి వచ్చి, ఆ రైఫిలు హక్కులను 8,000 డాలర్లకు కొనెను. నాటినుండి పందొమ్మిది సంవత్సరములు ఆ కంపెనీకిని ఆయనకును పొత్తు సాగినది.

కంపెనీవారు పిమ్మట కోరినది పిట్టల వేటకు పనికివచ్చు షాట్‌గన్ను. ఒక్క గుండునకు మారుగా సీసపు చిల్లరగుండ్లను చిమ్మునది షాట్‌గన్ను. దానిని కాల్చిన ప్రతిమారు తెరచి నింపుకొను శ్రమ లేకుండ, వరుసగా నాలుగైదు తూటాలు కాల్చునట్లు చేయవలెనని వారి కోరిక. ఎడమచేతి క్రింది కొయ్యపట్టును ముందు వెనుకలకు జరిపి తూటాలు మార్చు పద్ధతి ఇందుకు మేలని బ్రౌనింగు అభిప్రాయపడెను. కాని వించెస్టరు పేరు మోసినది మీట తుపాకులతో. కనుక ఇదియు మీటతోనే యుండవలెనని వారు పట్టుబట్టిరి. తనకు నచ్చని పద్ధతియైనను, ఒప్పుకొనిన పిమ్మట ఆయన అందు లోపము చేయలేదు. 1886 ఫిబ్రవరి 16వ తేదీన పేటెంటు వచ్చెను. మరుసటి సంవత్సరము ఆ తుపాకి అంగళ్ళకు చేరెను.

షాట్‌గన్ను తూటా రైఫిలు తూటా కంటె మిక్కిలి లావు. దానిని మీటతో నడుపుట సులభము కాదు. బ్రౌనింగు దీనికి చేసిన ఉపాయము చక్కనిది. మీటను క్రిందికి దింపగా, గొట్టమునకు వెనుక మూతగా నుండు ఉక్కుదిమ్మె కీలుమీద తిరిగి వెనుకకు దొరలి, కాలిన తూటాను వెలికి లాగివేయును. మీటను పైకెత్తగా, అడుగు గొట్టములో వరుసగా నున్న తూటాలలో నొకటి పైకి వచ్చి తన గదిలో చేరును. ఇంతయు ఒక్క చేతి విసురుతో ముగియును.

ఇక తూటాల సంగతి. ఆ కాలమున షాట్‌గన్ను తూటాల గుల్లలు రెండు విధములు. అడుగున లోహపు మట్టు, పైన దళసరి కాగితము గలవి కొన్ని. అంతయు ఇత్తడితో చేసినవి కొన్ని. వించెస్టరువారే రెండు రకములను అమ్మెడివారు. కాగితపు గుల్ల చవుక. కాని వానకును మంచునకును ఉబ్బును. ఉబ్బిన గుల్ల గదిలోనికి పోదు. పోయినను తిరిగి రాదు. ఇత్తడి గుల్లకు తడి భయము లేదు. మందు పేలినపుడు ఇత్తడి సాగి గది గోడలకు అంటుకొని పొగను వెనుకకు రానీయదు. మరుక్షణమే కొంత ముడుచుకొని సులభముగా వెలికి వచ్చును. మొదట ఖరీదు హెచ్చయినను, కాలిన గుల్లను ఏరుకొని, క్రొత్త కేపు బిగించి, మందును గుండ్లను నింపి మరల మరల వాడుకొనవచ్చును. అంగడికి రెండు దినముల ప్రయాణములో నుండు పశువుల కాపరికి ఇది గొప్ప ఆదరువు. కొలిమి మూల కుప్పలో పెరిగిన బ్రౌనింగు వంటివానికి ఇట్టి పొదుపు ఎవరును నేర్పనక్కరలేదు.

అయినను మీట తుపాకిలో ఇత్తడి గుల్ల వాడుటకు మెలకువ వలయును. రెండు గొట్టముల తుపాకిలో తూటాను చేతితో పెట్టుదురు గనుక, సొట్ట యున్నచో బొటనవ్రేలికే తెలియును. మీట తుపాకిలో ఆ పని యంత్రము చేయును. యంత్రమునకు స్పర్శ లేదు. కాగితపు గుల్ల అంచును లోనికి మడచి మూయవచ్చును. ఇత్తడి అంచు అట్లు మడువబడదు గనుక, గుండ్లపై అట్టబిళ్ళ నుంచి జిగురుతోనో మైనముతోనో అంటింతురు. ఆ అంటింపు సరిగా లేనిచో, ఒక తూటా పేలిన అదటునకు అడుగు గొట్టములోని తక్కిన తూటాల బిళ్ళలు సడలి, గుండ్లు రాలి, తుపాకి లోపలి భాగములలో ఇరుకుకొనును. మడత లేని నిలువు అంచు గది అంచునకు తగిలి ఆగిపోవుటయు కలదు. అందుచే అంచును నునుపు చేసి, ఇంచుక లోనికి వాలునట్లు సరిచూతురు. ఇత్తడి గోడ పలుచన, లోపలి వైశాల్యము ఎక్కువ. కనుక 12వ నంబరు గుల్లకు ఆ నంబరు బిళ్ళ వదులై పోవును. 11, 10 నంబరుల బిళ్ళలు కావలెను. (ఈ లెక్కలో అంకె తగ్గిన కొలది కొలత పెరుగును. పౌను సీసముతో చేసిన పండ్రెండు సమానమైన గుండ్లలో ఒకటి పట్టు గొట్టము 12వ నంబరుది.)

ఇత్తడి గుణము మన కంచరివారికి తెలియనిది కాదు. కొట్టిన కొలది, సాగిన కొలది అది గట్టిపడి పగులును. పలుమారులు కాల్చిన గుల్ల మూతి అట్లే చీలును. మూతిని మాత్రము కాచి నీట ముంచినచో మెత్తబడును. అడుగు భాగమును కాచరాదు. అది మెత్తబడినచో ప్రమాదము. నల్లమందు మసి ఇత్తడిని తినివేయును గనుక, వేట ముగిసిన నాడే వేడినీట కడుగుట ఆచారము.

ఆ తుపాకి అంగళ్ళకు వచ్చిన 1887లోనే బ్రౌనింగు తన మతప్రచారమునకై జార్జియా రాష్ట్రమునకు వెళ్ళెను. రెండేండ్లు తుపాకి పని ముట్టలేదు. ఒకనాడు ఒక అంగడిలో తన తుపాకియే కనబడగా చేత బట్టుకొని మీట నాడించి చూచెనట. దుమ్ముకొట్టుకొన్న బట్టలతో నున్న ఆ బాటసారి దానిని అంత నేర్పుగా నడుపుట చూచి అంగడివాడు ఆశ్చర్యపడెననియు, తోడి ప్రచారకుడు దానిని చేసినవాడు ఇతడేయని చెప్పినను నమ్మలేదనియు ఒక కథ కలదు.

మీట షాట్‌గన్ను 1901 వరకు సుమారు 65,000 తయారైనవి. అది నల్లమందు కొరకు చేసినది. క్రొత్తగా వచ్చిన పొగలేని మందు ఒత్తిడికి తాళునది కాదు. అందుచే 1901లో దానిని బలపరచి 10వ నంబరులో మాత్రమే కొంతకాలము చేసిరి. పాత తుపాకి దొరికినది గదా యని నేటి తూటాను అందు పెట్టుట ప్రాణాపాయము. ఇంతలో కంపెనీవారు బ్రౌనింగు మొదట చెప్పిన జారుడుపట్టు పద్ధతినే అడిగి చేయించుకొనిరి. అది 1893లో వచ్చి, 1897లో సవరింపబడి, 1957 దాక పది లక్షలకు మించి తయారైనది. ఎవరి మాట సరియో ఈ లెక్కయే చెప్పుచున్నది.

తరువాత ఆయన పేలుడు అదటుతోనే తనంత తాను తూటా మార్చుకొను షాట్‌గన్నును కల్పించెను. దీనిపై వించెస్టరుతో తగవు వచ్చెను. అంతవరకు హక్కులను ఒక్కమారుగా అమ్మిన బ్రౌనింగు, ఈమారు అమ్మిన ప్రతి తుపాకిపై వాటా కోరెను. బెన్నెటు నిరాకరించెను. 1902 జనవరిలో బ్రౌనింగు రెమింగ్టను కంపెనీ అధ్యక్షుడగు హార్ట్‌లీని చూడబోయి కార్యాలయమున వేచియుండగనే, ఆయన గుండె ఆగి మరణించిన వార్త వచ్చెను. బ్రౌనింగు తుపాకిని చేతబట్టుకొని ఓడ యెక్కి బెల్జియము చేరెను. అక్కడి హెర్‌స్టాల్ కార్ఖానావారు దానిని వెంటనే చేపట్టిరి.

వేట తుపాకులతో ఆగినచో ఆయన కథ ఇంత పెద్దది కాకపోవును. పిస్తోళ్ళును మరతుపాకులును ఆయన చేతినుండి వెలువడెను. 1914లో సారయేవోలో ఆస్ట్రియా యువరాజును కూల్చిన పిస్తోలు ఆయన కల్పించినదే. 1917లో సైనికాధికారుల ఎదుట ఆయన మరతుపాకి 20,000 తూటాలను అవాంతరము లేక కాల్చెను. పిట్టలను కొట్టుటకు తమ్మునితో బయలుదేరిన బాలుని నేర్పు ఎచ్చటికి చేరినదో తలచుకొనిన మనసు కలతపడక మానదు. ఆయన మాత్రము దీనిని గూర్చి పెద్దగా మాటలాడిన మనిషి కాడు. పేటెంటులు 128.

1926 నవంబరు 26వ తేదీన హెర్‌స్టాల్ కార్ఖానాలో క్రొత్త పని చూచుకొనుచుండగా ఆయనకు గుండెనొప్పి వచ్చెను. కుమారుడు వాల్ కార్యాలయ గదిలో పరుండబెట్టిరి. అక్కడనే ప్రాణము పోయెను. దేహమును సముద్రము దాటించి ఆగ్డెనునకు తెచ్చి, తండ్రి కొలిమి పెట్టిన ఆ ఊరిలోనే సమాధి చేసిరి.